ఆబాన్ మాసము: నల్లగొండ, పాలమూరు సీమలలో ఫసలీ సంవత్సరాంతము

సంవత్సరమునకు చివరి నెల యేది అను ప్రశ్నకు నల్లగొండ, పాలమూరు సీమల చరిత్రలో ఒక్క సమాధానము లేదు. పంచాంగము చెప్పు పురోహితునికి అది ఫాల్గుణము. హిజ్రీ గణనము ననుసరించువారికి జిల్‌హిజ్జ. క్రీస్తుశకము వాడువారికి డిసెంబరు. కాని ఈ రెండు జిల్లాలలో రైతు శిస్తు చెల్లించినది, పట్వారి పద్దు వ్రాసినది, తహశీలు కచేరి లెక్క ముగించినది ఈ మూడింటిలో దేనిని బట్టియు కాదు. వారి సంవత్సరము ఆబాన్ మాసముతో ముగిసెడిది. నిజాము రాజ్యమున వాడుకలో నుండిన ఫసలీ సంవత్సరమునకు అదియే పండ్రెండవ నెల.

నేడు ఆ పేరు జనవ్యవహారమున లేదు. పాత దస్తావేజులలోను, పహాణీలలోను, గెజెట్లలోను మాత్రమే అది కనబడుచున్నది. కనబడినచోట దానిని క్రీస్తుశకమునకు మార్చునప్పుడు మన పరిశోధకులు తరచుగా ఒకే సూత్రమును వాడుదురు: ఫసలీ సంఖ్యకు 590 కలుపుట. ఈ సూత్రము సంవత్సరపు మొదటి మూడు మాసములకే సరిపోవును. చివరి నెలకు అది ఒక యేడు తప్పును. ఈ వ్యాసమున మేము రెండు విషయములు నిరూపింప నుద్దేశించితిమి. ఆబాన్ మాసపు సంగతులకు కాలనిర్ణయము చేయుటలో ప్రత్యేకమైన జాగరూకత కావలెననుట మొదటిది. ఈ పొరపాటు కేవలము అంకెల పొరపాటు కాదనియు, సంఘటనల కార్యకారణ సంబంధమును, కొన్నియెడల సేద్యగాని హక్కును గూడ తారుమారు చేయగలదనియు చూపుట రెండవది.

ఫసలీ గణనము

ఫసల్ అనగా పంట. హిజ్రీ సంవత్సరము చాంద్రమానము. సౌరసంవత్సరముకంటె ఇంచుమించు పదునొకండు దినములు తక్కువ. పన్ను వసూలునకు చాంద్రమానము పనికిరాదు. ఒక యేడు కోత కాలమున వచ్చిన మాసము కొన్ని యేండ్లు గడచునప్పటికి విత్తుల కాలమునకు జరిగిపోవును. పంట చేతికి రాకమునుపే శిస్తు అడుగవలసివచ్చును. ఈ యిబ్బందిని తొలగించుటకై అక్బరు చక్రవర్తి తాను సింహాసనమెక్కిన హిజ్రీ 963వ సంవత్సరమును ఆధారముగా గొని, అటుపై సౌరమానమున నడచు ఫసలీ గణనము నేర్పరచెను. దక్కనులో షాజహాను కాలమున, హిజ్రీ 1046 అనగా క్రీ.శ. 1636లో, అట్టి యేర్పాటు జరిగినది. నడుమ గడచిన ఎనుబదియేండ్లలో హిజ్రీ సంఖ్య చాంద్రమానమున వేగముగా నడచుటచే ఉత్తరదేశపు ఫసలీకంటె దక్కను ఫసలీ రెండేండ్లకు పైగా ముందున్నది. 1046కు 590 కలిపినచో 1636 వచ్చును. మన వాడుకలోని 590 అను సంఖ్యకు మూలమిదియే.

గోల్కొండ 1687లో మొగలుల వశమైన పిమ్మట ఈ గణనము తెలుగుసీమకు వ్యాపించుటకు త్రోవ యేర్పడినది. అసఫ్‌జాహీల పాలనలో, విశేషించి మొదటి సాలార్‌జంగు 1865లో జిలాబందీ గావించి జిల్లాల నేర్పరచిన తరువాత, రాజ్యపు రివెన్యూ యంత్రాంగమంతయు ఫసలీ సంవత్సరముపై నడచినది. మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారి మొదలు పై అధికారుల వరకు దానినే వ్రాసిరి. శాసనములు గూడ ఫసలీ సంఖ్యతోనే వెలువడినవి. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టమును, 1358 ఫసలీ నాటి జాగీర్దారుల రద్దు రెగ్యులేషనును ఇందులకు ఉదాహరణములు.

మాసముల క్రమము

హైదరాబాదు ఫసలీ మాసములకు పారసీక నామములు వాడిరి. వాని వరుస ఇది: ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రివర్, మెహెర్, ఆబాన్. ఇరానులో నేటికిని ఈ పేర్లే స్వల్పభేదములతో వాడుకలో నున్నవి. కాని అక్కడ సంవత్సరము వసంత విషువత్తున నౌరోజుతో, ఫర్వర్దీన్ మాసముతో ప్రారంభమగును. ఆబాన్ అక్కడ ఎనిమిదవ నెల. హైదరాబాదులో ఆజూర్‌ను మొదటి నెలగా గైకొనుటచే దానికి ముందుండు ఆబాన్ చివరి నెల అయినది. పేర్లు అవియే యైనను స్థానములు మారినవి. కావున ఇరాను పంచాంగముతో ఇక్కడి తేదీలను సరిచూచుట ప్రమాదకరము.

ఆజర్ శబ్దమునకు అగ్ని యని అర్థము. ఆబాన్ అనగా జలములు. ఫసలీ సంవత్సరము అగ్నితో మొదలై నీటితో ముగియును. ఈ పేర్లు మన నేలను చూచి పెట్టినవి కావు. అయినను చెరువుల క్రింద బ్రతికిన ఈ మెట్టసీమలో సంవత్సరపు చివరి నెలకు జలములని పేరుండుట ఎంత యథార్థముగా కుదిరినదో ముందు చూడగలము. వానకాలపు మాగాణి పంటను తెలంగాణమున ఆబీ యందురు. ఆ మాటయు అదే ఆబ్ శబ్దమునుండి వచ్చినదే.

ఆజూర్ మొదటి తేదీ అక్టోబరు 6. ఇందులకు చట్టమునందే సాక్ష్యము గలదు. దానిని తరువాత ప్రస్తావింతుము. ఈ లెక్కను ఆబాన్ మాసము సుమారు సెప్టెంబరు మొదటి వారమున ప్రారంభమై అక్టోబరు 5తో ముగియును. కాగా సరియైన సూత్రమిట్లుండవలెను: ఆజూర్ మొదలు డిసెంబరు 31 వరకు ఫసలీకి 590 కలుపవలెను, జనవరి 1 మొదలు ఆబాన్ ముగియువరకు 591 కలుపవలెను. చివరి నెల యెల్లప్పుడును 591 క్రిందికే వచ్చును.

ఆబాన్ నాటి పొలము

గణితమును విడిచి పొలము వంక చూతము. మృగశిర, ఆర్ద్రలలో విత్తిన జొన్న ఆబాన్‌లో వెన్నుతీయును. ఆబీ వరి పొట్టమీద నుండును. ఆముదము ఇంకను కాపునకు రాదు. నైరృతి వానలు వెనుదిరుగు ముందటి కాలమిది. సెప్టెంబరు వానలు బాగుగ కురిసినచో చెరువులు నిండి అలుగులు పారును. కురియనిచో ఆబీ ఎండుటయే కాక, యాసంగి తాబీకి నీరుండదు. నల్లరేగడి భూములలో యాసంగి జొన్నకు దున్నకము సాగునదియు ఈ నెలలోనే. సంవత్సరపు పంట మీద చెరువులు తీర్పు చెప్పు మాసము ఆబాన్ అని చెప్పుట అతిశయోక్తి గాదు.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి గలదు. జూన్, జూలైలలో వేసిన విత్తనము ఒక ఫసలీలో పడును. కోత వేరొక ఫసలీలో వచ్చును. ఆబాన్ ముగిసి సర్కారు లెక్క కట్టివేయునాటికి రైతు పంట ఇంకను చేనిలోనే యుండును. పట్వారి వసూలు బాకీ పట్టీలో మిగిలిన బాకీని తేల్చునప్పుడు రైతు గాదెలో ధాన్యము అడుగంటి యుండును. పంటల సంవత్సరమని పేరుపెట్టుకొన్న ఫసలీ, పంటకు నడుమ గీత గీసినది. అందుచే ఒకానొక గ్రామమున ఫలానా ఫసలీలో కరవు వచ్చెనని పత్రమున్నప్పుడు, ఆ కరవు విత్తుల నాటిదా, కోతల నాటిదా అని విచారింపక నిర్ణయము చేయరాదు.

ఈ మాసముననే గ్రామస్త్రీల పండుగయు తరచుగా వచ్చును. భాద్రపద బహుళ అమావాస్యను ఇచట పెత్రమాస యందురు. ఆ దినమున ఎంగిలిపూలతో బతుకమ్మ ప్రారంభమగును. ఆ అమావాస్య సెప్టెంబరు నడుమనుండి అక్టోబరు నడుమ లోపల ఏదో ఒక దినమున పడుటచే, బతుకమ్మ తొమ్మిది దినములు కొన్ని యేండ్లు ఆబాన్‌లోను, కొన్ని యేండ్లు ఆజూర్‌లోను, కొన్ని యేండ్లు రెంటిని కలుపుచును వచ్చెడివి. తంగేడు, గునుగు పూచి, చెరువు నిండియున్న కాలమది. కచేరికి సంవత్సరాంతమైన మాసము ఊరివారికి పూల కాలము. ఒకే నెలకు గల ఈ రెండు ముఖములలో పత్రములయందు ఒకటి మాత్రమే కనబడును. రెండవది పాటలలో దాగియున్నది.

ఒకే దినము, రెండు ఫసలీలు

ఫసలీ అనగానే ఒకే గణనమని తలచుట రెండవ పొరపాటు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలోను ఫసలీ వాడుకలో నుండెను. సంఖ్యయు దక్కను సంఖ్యయే. కాని అక్కడ 1855 నుండి ఫసలీ సంవత్సరము జూలై 1న ప్రారంభమగుచు వచ్చినది. హైదరాబాదు ఫసలీ అక్టోబరు 6న ప్రారంభము. ఫలితముగా ప్రతి యేడును జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాసములలోను, అక్టోబరు తొలి అయిదు దినములలోను రెండు ప్రభుత్వముల ఫసలీ సంఖ్యలకు ఒక యేడు తేడా యుండెడిది. ఆబాన్ మాసమంతయు ఈ తేడాలో చిక్కుకొన్నదే.

సరిహద్దు జిల్లాలకు ఇది కేవలము ఊహామాత్రమైన చిక్కు గాదు. మునగాల పరగణాను చూడుడు. నల్లగొండ జిల్లాలోని కోదాడ, సూర్యాపేట ప్రాంతముల నడుమ, నాలుగు వైపుల నిజాము భూములే యుండగా, అది మద్రాసు రాజధానిలో కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీగా నుండెను. దాని జమీందారు రాజా నాయని వేంకట రంగారావు. ఆయన దివాను కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలికిని ఆ యిరువురు చేసిన సేవ మన సాహిత్య చరిత్రలో సువిదితము. ఈ పరగణాలోని రైతు సెప్టెంబరులో క్రొత్త ఫసలీలో మూడవ నెల గడుపుచుండగా, పొలము గట్టు దాటినంతనే పొరుగు రైతు పాత ఫసలీ చివరి నెలలో నుండెడివాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట మునగాల నల్లగొండ జిల్లాలో కలిసినది. 2016 పునర్విభజనలో సూర్యాపేట జిల్లాలో చేరినది. కావున నేటి జిల్లా హద్దును బట్టి పాత పత్రము నే ఫసలీ లెక్కతో చదువవలెనో నిర్ణయించుట తగదు. పత్రము పుట్టిననాడు ఆ గ్రామము ఏ ప్రభుత్వము క్రింద నుండెనో మొదట తేల్చుకొనవలెను.

పాలమూరు సీమలో కృష్ణానది ఇట్టి గీతయే గీచినది. జటప్రోలు సంస్థానమునకు రాజధానియైన కొల్లాపురము నదికి ఉత్తరమున నున్నది. ఆవలి గట్టు కర్నూలు జిల్లా, అనగా మద్రాసు ప్రభుత్వము. సోమశిల వద్ద నది దాటినచో ఆబాన్‌లో ఒక ఫసలీ ముందునకు పోయినట్లే. సంస్థానములలో మూడవ గణనముగూడ నుండెను. వనపర్తి, జటప్రోలు, గోపాల్‌పేట వంటి సంస్థానములు నిజామునకు పేష్కషు చెల్లించుచు, ఆ లెక్కలకు ఫసలీని వాడినను, దానపత్రములకును కావ్యరచనా కాలమునకును శాలివాహన శకమును, సంవత్సర నామమును వాడుట సంప్రదాయము. ఒకే ఆస్థానమునుండి వెలువడిన రెండు కాగితములు రెండు కాలములు చెప్పుట చూచి కొందరు వానిలో ఒకదానిని కూటమని శంకింతురు. పెక్కుచోట్ల అది కూటము కాదు; లెక్కల భేదము మాత్రమే.

ఆబాన్‌లో జరిగిన సంగతులు

ఇక ఈ మాసమున జరిగిన మూడు సంగతులను గైకొని మా వాదమును పరీక్షింతము.

మొదటిది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. అది 1317 ఫసలీ ఆబాన్. హిజ్రీ 1326 రంజాను మాసపు తొలి దినములు. కీలక నామ సంవత్సర ఆశ్వయుజ శుక్లపక్షారంభము, అనగా బతుకమ్మ దినములు. హైదరాబాదు నగరమున వేలకొలది జనము మృతిచెందిరి. సుమారు పదునైదు వేలని సామాన్యముగా చెప్పుదురు. తరువాతి యేడు వచ్చి విచారణ జరిపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరమునకు ఎగువనున్న పరీవాహమున 788 చెరువులుండగా వానిలో 221 తెగిపోయినవని తేల్చెను. వరద నగరమునకు మాత్రమే చెందినదని మన చరిత్ర గ్రంథములు వ్రాయును. కాని మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, నగరము దాటి, భువనగిరి, సూర్యాపేట ప్రాంతముల గుండ ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరము దాటిన పిమ్మట దాని త్రోవ నల్లగొండ జిల్లాయే. ఆ యేటి ఆబాన్ పద్దులను నల్లగొండ గ్రామములకై వెదకువారు 1317కు 590 కలిపి 1907 అని చదివినచో, వరదకు ఒక యేడు ముందటి సంగతులుగా వానిని భావించి ప్రక్కకు పెట్టుదురు. చూడవలసిన పద్దు చేతిలో నుండియు చూడకపోవుట యనగా ఇదియే.

రెండవది 1947 సెప్టెంబరు 11. ఆ దినమున రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు నిజాము ప్రభుత్వముపై సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. వీరిలో రావి నారాయణరెడ్డి నల్లగొండ జిల్లా బొల్లేపల్లి గ్రామస్థుడు. ఇది 1356 ఫసలీ ఆబాన్. దీనికి ముందు 1946 జూలై 4న, నాడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. అది 1355 ఫసలీ. ఈ రెండింటికి నడుమ పదునాలుగు మాసముల వ్యవధి గలదు. ఆ వ్యవధిలోనే భారతదేశము స్వతంత్రమైనది. నిజాము యూనియనులో చేరక స్వతంత్రుడనని ప్రకటించుకొన్నాడు. ఇప్పుడు 1356 ఆబాన్‌కు 590 కలిపిన పరిశోధకుని చూడుడు. అతనికి పిలుపు 1946 సెప్టెంబరునకు పోవును. కడవెండి కాల్పులకు రెండు నెలలలో వచ్చిన ప్రత్యుత్తరముగా, దేశ స్వాతంత్ర్యముతో సంబంధము లేని సంఘటనగా అది కానవచ్చును. దొరల వెట్టిపై, లెవీ ధాన్యముపై గ్రామములలో మొదలైన తిరుగుబాటు ఏ దశలో రాజ్యాధికారముపై పోరాటముగా మారినదను ప్రశ్నకు సమాధానమే మారిపోవును. ఒక్క అంకె పొరపాటు చరిత్రకు వేరొక కథ కల్పించును.

మూడవది 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనికచర్య. ఇది 1357 ఫసలీ ఆబాన్. తూర్పు దిక్కున విజయవాడనుండి బయలుదేరిన సేన కోదాడ, మునగాల, సూర్యాపేటల మార్గమున వచ్చినది. వెనుదిరిగిన నిజాము సేనలు మూసీపై వంతెనను పేల్చివేసినను, దానిని శీఘ్రముగా బాగుచేసి ముందునకు సాగిరి. నార్కట్‌పల్లి వద్ద రజాకార్లతో పోరు జరిగినది. సెప్టెంబరు 17న నిజాము లొంగుబాటును ప్రకటించెను. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురికి లాంఛనముగా లోబడెను. ఆ సెప్టెంబరు 17 అను ఒక్క దినము నెన్ని విధముల వ్రాయవచ్చునో చూడుడు: సర్కారు లెక్కలో 1357 ఫసలీ ఆబాన్, హిజ్రీ 1367 జిల్‌ఖాద్, శాలివాహన శకము 1870, సర్వధారి నామ సంవత్సర భాద్రపద శుక్లపక్షాంతము, మునగాల పరగణాలో 1358 ఫసలీ. సేన నడచిన ఆ బాటపై సూర్యాపేట పట్వారికిని, మునగాల కరణమునకును అది రెండు వేరువేరు ఫసలీలలోని దినము. ఆ దినమునకు విమోచనమని, విలీనమని, సమైక్యతయని నేటికిని భిన్న నామములు వాడుకలో నున్నవి. నామ వివాదములోనికి మేము దిగము. ఏ పేరు పెట్టినను, ఆ కాలపు పత్రములను వెదకువారు 1357, 1358 రెండింటిని చూడవలెనని మాత్రము హెచ్చరింతుము.

ఈ సంగతులను ఫసలీ వరుసలో పెట్టినచో స్పష్టత కలుగును. 1355లో కడవెండి, 1356 చివరి నెలలో సాయుధ పోరాటపు పిలుపు, 1357 చివరి నెలలో నిజాము పాలనాంతము, 1358లో, 1949 ఆగస్టు 15న, జాగీర్దారుల రద్దు. నాలుగు ఫసలీలలో ఈ సీమ భూస్వామ్యవ్యవస్థ కూకటి వ్రేళ్లతో కదలినది. నాలుగింటిలో మూడు సంగతులు సంవత్సరపు చివరి మూడునెలలలో, రెండు సరిగా చివరి నెలలో జరుగుట గమనింపదగును. ఈ యోగమునకు కారణము వెదకుట మా యుద్దేశము కాదు. కాని 590 సూత్రము విఫలమగు భాగముననే మన ప్రధాన సంఘటనలు పడినవనుట సత్యము.

కౌలుదారు హక్కునకు ఆబాన్ హద్దు

ఆబాన్ చివరి దినము చరిత్రకారునికే గాక న్యాయస్థానమునకును హద్దురాయి అయినది. 1950 జూన్‌లో అమలునకు వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము 34వ సెక్షనులో రక్షిత కౌలుదారు ఎవ్వరో నిర్వచించినది. మూడు గడువులలో ఏదేని యొకదానియందు ఆరేండ్లకు తక్కువ గాకుండ ఎడతెగక కౌలు చేసినవాడు రక్షిత కౌలుదారు. మొదటి గడువు పూర్తిగా 1342 నుండి 1352 వరకు గల ఫసలీలలో ఇమిడియుండవలెను. రెండవది 1948 జనవరి 1కి అవ్యవహితముగా ముందుండవలెను. మూడవది 1353 ఫసలీ మొదటి దినమునకు ముందు ప్రారంభము కాక, చట్టము అమలునకు వచ్చులోపల పూర్తి కావలెను. ఈ మూడవ గడువు చెప్పునప్పుడు చట్టకర్తలే 1353 ఫసలీ మొదటి దినమనగా 1943 అక్టోబరు 6 అని వివరించిరి. మేము పైన చెప్పిన సాక్ష్యమిదియే.

దీనివలన 1943 అక్టోబరు 5, అనగా 1352 ఆబాన్ చివరి దినము, హక్కుల నడుమ గోడగా నిలిచినది. ఉదాహరణకు ఒక కౌలుదారు 1347 ఆజూర్‌లో భూమి పట్టి 1352 ఆబాన్ చివరవరకు సాగుచేసెననుకొందము. అది 1937 అక్టోబరు 6 మొదలు 1943 అక్టోబరు 5 వరకు, సరిగా ఆరేండ్లు. మొదటి గడువున అతడు నిలుచును. రెండు కొసలకును 590 కలిపినవాడు దానిని 1937 నుండి 1942 వరకు అని చదివి, అయిదేండ్లే యని త్రోసివేయును. ఒక నెల లెక్క తప్పుటచే ఒక కుటుంబపు భూమి లెక్క తప్పును. వేరొక కౌలుదారు 1350 ఆజూర్‌లో భూమి పట్టి 1355 ఆబాన్‌తో విడిచెననుకొందము. ఇతనికిని ఆరేండ్లు నిండినవి. కాని ఆ కాలము మొదటి గడువు హద్దును దాటినది. మూడవ గడువునకు ముందే ప్రారంభమైనది. 1948 జనవరి వరకు సాగలేదు. ఆ సెక్షనులోని మూడు గడులలో దేనిలోను అతడు చేరడు. ఆరేండ్ల చెమట సమానమైనను ఆబాన్ గీత ఒకరిని లోపల, ఒకరిని వెలుపల నిలిపినది.

పాలమూరు సీమకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా నుండిన కాలమున, 1954లో, ఈ చట్టమునకు ముఖ్యమైన సవరణలు జరిగినవి. రక్షిత కౌలుదారునకు యాజమాన్యము సంక్రమింపజేయు 38–ఇ సెక్షను క్రింద తెలంగాణములోని పలు జిల్లాలలో 1973 జనవరి 1 నుండి హక్కులు సంక్రమించినవి. నేటికిని వారి వారసుల వ్యాజ్యములలో పాత ఫసలీ పత్రములు సాక్ష్యములుగా నిలుచుచున్నవి. భాషాశాస్త్ర విద్యార్థి పాత పత్రము చదువుట నేర్చినచో, ఆ విద్య గ్రంథాలయమున మాత్రమే గాక న్యాయస్థానపు మెట్లమీదను ఉపకరించును.

ఉపసంహారము

1950 ఏప్రిల్ 1న హైదరాబాదు రాజ్యపు ఆర్థికవ్యవస్థ కేంద్రముతో విలీనమైనది. లెక్కల సంవత్సరము ఏప్రిల్‌నుండి మార్చికి మారినది. 1954–55 నాటి ఖాస్రా పహాణీయు, 1955–58 నాటి సేసాల పహాణీయు క్రీస్తుశక సంవత్సరములతోనే ప్రసిద్ధములు. ఫసలీ శబ్దము రివెన్యూ శాఖలో మిగిలినను అది జూలై 1న ప్రారంభమగు ఫసలీయే. మునగాల లెక్కయే చివరకు సూర్యాపేటకును లెక్కయైనది. ఆబాన్ సంవత్సరాంతమను గౌరవమును కోల్పోయి, పేరునుగూడ కోల్పోయినది.

అయినను ప్రకృతి దాని స్వభావమును మరువలేదు. 2009 అక్టోబరు తొలి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురము, రాజోలి మునిగినవి. పాత లెక్కలో అవి ఆబాన్ చివరి దినములే. జలములని పేరుగల నెల తన పేరు మరల చెప్పుకొన్నట్లైనది.

పరిశోధక విద్యార్థులకు మా విన్నపము స్వల్పము. ఈ సీమల పాత పత్రము చేతికి వచ్చినప్పుడు సంవత్సర సంఖ్యకంటె ముందు నెల పేరు చదువుడు. ఆ గ్రామము ఆనాడు ఏ ప్రభుత్వము క్రింద నుండెనో తేల్చుకొనుడు. జనవరి మొదలు ఆబాన్ వరకు 591 అని గుర్తుంచుకొనుడు. పత్రమున నెల లేనిచో సంవత్సరమును ఒకే అంకెగా గాక 1946–47 అనునట్లు జంటగా వ్రాయుడు. తెలియనిదానిని తెలిసినట్లు చూపుటకంటె అది మేలు. గ్రామములో ఫసలీ మాసముల పేర్లు నోటికి చెప్పగల వృద్ధులు కనబడినచో, వారిచే ఆ పేర్లను వారి ఉచ్చారణలోనే చెప్పించి వ్రాసికొనుడు. ఆబాన్ అను మాటను పలికి, ఆ నెలలో తమ చెరువు ఎట్లుండెడిదో చెప్పగలవారు ఇంక ఎంతోమంది లేరు.